కత్తిపూడి నుంచి లోసరి దాకా 216 నంబరు రోడ్డు

విశాఖ వైపు నుంచి వచ్చే బండి అన్నవరం దాటి కత్తిపూడి చేరగానే రోడ్డు రెండుగా చీలుతుంది. నేరుగా పోతే జగ్గంపేట, రాజమహేంద్రవరం. ఎడమకు తిరిగితే పిఠాపురం, కాకినాడ. నేరుగా పోయేది కోల్‌కతా–చెన్నై రహదారి, దాని నంబరు 16. ఎడమకు పోయేది 216. ఈ రెండూ మళ్ళీ ఒంగోలు దగ్గర కలుస్తాయి. మ్యాపులో చూస్తే 216 సముద్రం పక్కన వంగిన విల్లులా, 16 దానికి బిగించిన నారిలా కనిపిస్తాయి.

విల్లు పొడవు సుమారు 390 కిలోమీటర్లు. అందులో కత్తిపూడి నుంచి ఉప్పుటేరు మీది లోసరి వంతెన వరకు ఉన్న భాగమే గోదావరి డెల్టాకు చెందింది. ఆ తర్వాత కృత్తివెన్ను, పెడన, మచిలీపట్నం, పులిగడ్డ–పెనుమూడి వంతెన, రేపల్లె, బాపట్ల, చీరాల... అది కృష్ణ కథ.

ముందు నంబర్ల చిక్కు విప్పాలి. పాత బోర్డులు, పాత భూమి కాగితాలు, పాత డ్రైవర్ల మాటలు ఇప్పటికీ వేరే నంబర్లే చెబుతాయి. 2010లో కేంద్రం దేశంలోని జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చింది. అంతవరకు ఎన్‌హెచ్ 5 అన్నది 16 అయింది. డెల్టా రోడ్డుకు అప్పట్లో 214 నంబరు ఉండేది. అది కత్తిపూడిలో మొదలై కాకినాడ, అమలాపురం, రాజోలు మీదుగా పాలకొల్లు దగ్గర దిగమర్రు చేరి, అక్కడి నుంచి భీమవరం, ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా పామర్రులో ముగిసేది. దిగమర్రు నుంచి నరసాపురం, మచిలీపట్నం మీదుగా ఒంగోలు పోయేది 214ఎ. కొత్త పద్ధతిలో 214 మొదటి సగాన్నీ 214ఎ మొత్తాన్నీ కలిపి 216 అన్నారు. మిగిలిపోయిన దిగమర్రు–పామర్రు ముక్క 165 అయింది. కొత్త నంబర్లలో ఒక సౌకర్యం ఉంది. మూడంకెల నంబరులో చివరి రెండంకెలు చూస్తే అది ఏ పెద్ద రోడ్డు కొమ్మో తెలిసిపోతుంది. 216 పదహారుకు కొమ్మ. 165 మచిలీపట్నం–హైదరాబాద్–పుణె రహదారి అయిన 65కు కొమ్మ.

ఇంత పెద్ద డెల్టాను పక్కన పెట్టి అసలు రహదారి ఎగువనే ఎందుకు పోయిందన్న ప్రశ్నకు జవాబు నదిలోనే ఉంది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి ఒక్కటే. ధవళేశ్వరం దిగువన అది తూర్పున గౌతమిగా, పడమర వశిష్ఠగా చీలుతుంది. ఇంకా కిందికి వెళ్తే వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. అంటే ఎంత ఎగువన దాటితే అన్ని తక్కువ వంతెనలు, ఎంత సముద్రానికి దగ్గరైతే అన్ని ఎక్కువ. రాజమహేంద్రవరం–కొవ్వూరు మధ్య ఒక్క వంతెన చాలు. జొన్నాడ–రావులపాలెం, సిద్ధాంతం దారిలో రెండు కావాలి. 216 దారిలో మూడు: యానాం–ఎదుర్లంక దగ్గర గౌతమి మీద, బోడసకుర్రు–పాశర్లపూడి దగ్గర వైనతేయ మీద, దిండి–చించినాడ దగ్గర వశిష్ఠ మీద. మద్రాసు నుంచి కలకత్తాకు పోయేవాడికి అమలాపురంతో పనిలేదు. అతనికి కావలసింది ఒకే ఒక్క దాటు.

ఆర్థర్ కాటన్ కూడా ఇదే లెక్క వేశాడు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్టను నది చీలే చోటే కట్టాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు, అంటే నదిలోని దీవులు. పాతది బలహీనపడ్డాక దాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1982 నాటికి అందుబాటులోకి వచ్చింది. దాని మీది రోడ్డు ధవళేశ్వరం నుంచి బొబ్బర్లంక మీదుగా విజ్జేశ్వరం దాకా పోతుంది. రైలు కూడా అంతే. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన, 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెన, 1997లో వచ్చిన ఆర్చి వంతెన, 2015 పుష్కరాల నాటికి తెరిచిన నాలుగు వరుసల రోడ్డు వంతెన, అన్నీ రాజమహేంద్రవరం చుట్టూ కొద్ది కిలోమీటర్లలోనే ఉన్నాయి. చివరిదాన్ని ఊళ్ళో గామన్ బ్రిడ్జి అంటారు. నూరేళ్ళకు పైగా డబ్బూ ఇంజినీర్లూ అదే చోటికి చేరుతూ వచ్చారు.

మధ్యలో కొన్ని దశాబ్దాలు మాత్రం పెద్ద రోడ్డు డెల్టాలోకి దిగింది. ఎన్‌హెచ్ 5ను స్వర్ణ చతుర్భుజి పథకంలో నాలుగు వరుసలు చేసినప్పుడు ఏలూరు దాటాక గుండుగొలను నుంచి తాడేపల్లిగూడెం, తణుకు, పెరవలి, సిద్ధాంతం, రావులపాలెం, జొన్నాడ, వేమగిరి మీదుగా ఉన్న దారినే విస్తరించారు. ఈ రోడ్డు ఏం చేసిందో దాని పక్కన నిలబడితే తెలుస్తుంది. కడియపులంకలో హైవేకు ఆనుకుని నర్సరీలు బారులు తీరాయి. మొక్కల లారీ తోటలోంచి నేరుగా రోడ్డెక్కుతుంది. రావులపాలెం అరటి మార్కెట్‌కు గెలలు సైకిళ్ళ మీద, ఆటోల మీద వస్తాయి, లారీల్లో పోతాయి. అక్కడే వరసగా పూతరేకుల దుకాణాలు. ఆత్రేయపురంలో ఇళ్ళలో కుండ మీద తీసే రేకు పక్క రాష్ట్రాలకు వెళ్ళడానికి రావులపాలెం సెంటర్‌లో బస్సు ఆగడమే సగం కారణం. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ కూడా రోడ్డూ రైలూ కలిసి పెంచినదే.

తర్వాత 16 మళ్ళీ ఎగువనున్న మెట్ట ప్రాంతానికి పోయింది. గుండుగొలను నుంచి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోయే పాత దారిని, సుమారు 70 కిలోమీటర్లు, నాలుగు వరుసలు చేసి గామన్ బ్రిడ్జికి కలిపారు. ఇప్పుడు దూరపు లారీలు అటే పోతాయి. తణుకు, రావులపాలెం మీది రోడ్డుకు 216ఎ అన్న నంబరు మిగిలింది. ఖమ్మం నుంచి వచ్చే గ్రీన్‌ఫీల్డ్ రహదారిని, అంటే పూర్తిగా కొత్త దారిలో వేసే రోడ్డును, కూడా దేవరపల్లి దగ్గరే కలుపుతున్నారు. ఒకప్పుడు బస్సు దిగి టీ తాగే ఊరు రేపటి పెద్ద కూడలి.

దీన్ని డెల్టాకు నష్టంగా చెప్పేవాళ్ళున్నారు. హోటళ్ళకు, పెట్రోలు బంకులకు కొంత నష్టమే. కానీ తణుకులో రోడ్డు దాటే స్కూలు పిల్లలకు, మోరంపూడి కూడలిలో రోజూ ఇరుక్కునే రాజమహేంద్రవరం వాసులకు, పొలం నుంచి ధాన్యం ట్రాక్టరు తోలుకొచ్చే రైతుకు ఒడిశా లారీ పక్కకు తప్పుకోవడం మేలే తప్ప కీడు కాదు. జొన్నాడ, ఉండ్రాజవరం, తేతలి, కైకరం కూడళ్ళలో ఫ్లైఓవర్లు అవసరమయ్యాయంటే ఆ రోడ్డు ఊళ్ళ మధ్య ఎంత ఇరుగ్గా పోయిందో అర్థమవుతుంది.

ఇక 216. కాకినాడ వరకు ఇది మామూలు రోడ్డే. కాకినాడ దాటాక తాళ్ళరేవు దారిలో దాని పాత చరిత్ర బయటపడుతుంది. ఎడమ చేతి వైపు కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుపాను దాన్ని దెబ్బతీసింది, తర్వాత నది తెచ్చిన ఒండ్రు మిగతా పని పూర్తిచేసింది. ఇప్పుడు అక్కడ ఉన్నది మడ అడవులు, అభయారణ్యం. ఆ పక్కనే ఇంజరం, ఈస్టిండియా కంపెనీ వస్త్ర వ్యాపారం సాగించిన చోటు. ఆ తర్వాత యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. ఆంధ్రప్రదేశ్ ఊళ్ళ మధ్య నుంచి పోయే జాతీయ రహదారి కొద్ది కిలోమీటర్లు వేరే ప్రభుత్వం కిందికి వెళ్ళి వస్తుంది. ఆ ముక్కలో పన్ను తక్కువ కాబట్టి పెట్రోలు చౌక. అటుగా వెళ్ళే బండి ట్యాంకు నింపుకోకుండా రావడం అరుదు.

యానాం–ఎదుర్లంక వంతెన ఈ రోడ్డులో అన్నిటికంటే పెద్ద మార్పు. దానికి లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. ఎదుర్లంక ఆయన సొంతూరు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన చనిపోయారు. వంతెన లేనప్పుడు అమలాపురం నుంచి కాకినాడకు పోవాలంటే రెండే మార్గాలు. ముక్తేశ్వరం రేవులో పంటు, అంటే మనుషుల్నీ బండ్లనీ నది దాటించే పెద్ద పడవ, ఎక్కి కోటిపల్లిలో దిగడం, లేదా పైకి రావులపాలెం దాకా పోయి జొన్నాడ దగ్గర గౌతమి దాటి మళ్ళీ కిందికి రావడం. కాకినాడ అప్పట్లో అమలాపురానికీ జిల్లా కేంద్రం. కలెక్టరాఫీసులో ఒక్క సంతకం కోసం రోజంతా పోయేది. గోదావరి పోటెత్తితే పంటు ఆగేది, పంటు ఆగితే సంతకమూ ఆగేది.

ఈ రోడ్డు గురించి ముఖ్యంగా చెప్పుకోవలసిన విషయం ఇక్కడే ఉంది. కాగితం మీద ఇది కత్తిపూడి నుంచి ఒంగోలుకు పోయే దూరప్రయాణపు రహదారి. నిజానికి ఆ చివర నుంచి ఈ చివరకు దీని మీద పోయేవాళ్ళు తక్కువ. దీని బతుకంతా ముప్పై నలభై కిలోమీటర్ల ప్రయాణాలే. ముమ్మిడివరం నుంచి కాకినాడ ఆసుపత్రికి, రాజోలు నుంచి పాలకొల్లు బజారుకు, మొగల్తూరు నుంచి నరసాపురం రైలుకు. దిండి–చించినాడ వంతెన వచ్చాక రాజోలు, మలికిపురం జనానికి తమ జిల్లా కేంద్రం కంటే నది అవతలి జిల్లాలోని పాలకొల్లు, భీమవరమే దగ్గరయ్యాయి. పెళ్ళి బట్టలకు, డాక్టరుకు, కాలేజీకి అటే పోవడం మొదలైంది. వశిష్ఠ రెండు జిల్లాలకు సరిహద్దుగా మ్యాపులో అలాగే ఉంది. రోజువారీ జీవితంలో మాత్రం ఆ గీత చెరిగిపోయింది. 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు ఆ దూరం కొంత తగ్గింది కానీ, బజారు అలవాట్లు జిల్లా గీతల్ని బట్టి మారవు.

మూడో వంతెన కథ ఇంకో రకం. అమలాపురానికి, రాజోలుకు మధ్య వైనతేయ ఉంది. బోడసకుర్రు వంతెన రాకముందు బండి అంబాజీపేట మీదుగా పి.గన్నవరం దాకా పైకి వెళ్ళి అక్కడ దాటాలి. అక్కడ ఉన్నది అక్విడక్టు, అంటే నది మీదుగా కాలువను తీసుకుపోయే కట్టడం. కాటన్ కాలంలోనే, 1850లలో, హేగ్ అనే ఇంజినీరు 49 ఆర్చీలతో దాన్ని కట్టించాడు. అవతలి లంకకు సాగునీళ్ళు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. మనుషులూ బండ్లూ దాటడం అదనపు లాభం. పాతబడ్డాక పక్కనే 2000లో కొత్తది కట్టి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆకలన్న వాడికి అన్నం పెట్టిన ఆ తల్లిది పక్కనున్న లంకల గన్నవరమే. నీటి కోసం కట్టిన దాని మీద రోడ్డు సాగడం డెల్టాలో మామూలే.

అసలు డెల్టాలో రోడ్డు అంటే ముప్పాతిక మువ్వీసం గట్టే. కాటన్ కాలువలు తవ్వినప్పుడు తీసిన మట్టిని పక్కన పోశారు. ఆ గట్టు మీద నడక మొదలైంది, తర్వాత ఎడ్లబండి, తర్వాత కంకర, తర్వాత తారు. కాకినాడ కాలువ, నరసాపురం కాలువ, ఏలూరు కాలువల్లో పడవలే సరుకు మోసిన కాలంలో గట్టు పడవను తాడుతో లాగే మనుషులకు దారి. లాకుల దగ్గర పడవలు ఆగేవి, అక్కడే కొట్లు వెలిసేవి. చాలా ఊళ్ళలో లాకుల సెంటరే ఇప్పటికీ ఊరి సెంటరు. ఆ గట్టునే వెడల్పు చేసుకుంటూ పోతే చివరికి ఒక చిక్కు వస్తుంది. ఒక పక్క కాలువ, రెండో పక్క రోడ్డుకు మెట్టు ఆనించిన ఇళ్ళు, వాటి వెనక రోడ్డు కంటే నిలువెత్తు లోతున వరిచేలు. ఎటు జరగాలి? కాలువ పూడ్చడానికి లేదు, ఇళ్ళు తీయడానికి మనసొప్పదు. రాత్రిపూట ఎదురు లైటుకు కళ్ళు చెదిరి కారు కాలువలో పడిందన్న వార్త ఈ జిల్లాల్లో కొత్త కాదు. అందుకే 216ను విస్తరించేటప్పుడు చాలా చోట్ల ఊరిని వదిలి పొలాల్లోంచి బైపాస్‌లు వేశారు.

పొలాల్లో వేస్తే ఇంకో గొడవ. డెల్టాలో సాగునీటి కాలువలు కాస్త ఎత్తైన గట్ల వెంట సముద్రం వైపు పోతాయి. వాటి మధ్య పల్లాల్లో మురుగు కాలువలు, అవే డ్రెయిన్లు, అదే దిశలో దిగుతాయి. 216 మాత్రం తీరానికి సమాంతరంగా, అంటే వాటన్నిటికీ అడ్డంగా పోతుంది. ప్రతి రెండు మూడు కిలోమీటర్లకు ఒక కాలువో, డ్రెయినో, పంట బోదో రోడ్డు కింద నుంచి దాటాల్సిందే. డెల్టా రోడ్డు బాగోగులు తారులో కన్నా తూముల్లో తెలుస్తాయి. కొలత తగ్గిన ఒక్క కల్వర్టు చాలు, ఎగువన నాలుగు వందల ఎకరాల నాట్లు వారం రోజులు నీళ్ళలో ఉండటానికి. పైగా సముద్రం దగ్గర వాలు దాదాపు లేదు. పోటు వేళ డ్రెయిన్లలో నీళ్ళు వెనక్కి తన్నుతాయి. కౌశిక డ్రెయిన్ చుట్టుపక్కల రైతులకు ఇది ఏటా ఉండే టెన్షన్. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అంటూ వరి వేయడం మానేసినప్పుడు ముందు వినిపించింది గిట్టుబాటు ధర మాటే అయినా, ముంపు బాధ కూడా ఆ కోపంలో ఉంది. ఆ ముంపుకు కారణం రోడ్డొక్కటే కాదు. పూడిక తీయని డ్రెయిన్లు, గుర్రపుడెక్క, చెరువుల కోసం మూసేసిన బోదెలు, అన్నీ ఉన్నాయి. కానీ అడ్డంగా లేచే ప్రతి కొత్త గట్టూ ఆ జాబితాలో చేరే ప్రమాదం ఉంది.

మట్టి సంగతి కూడా చెప్పాలి. డెల్టాలో రాయి దొరకదు. కంకర, గ్రావెల్ అన్నీ మెట్టలోని కొండల నుంచి టిప్పర్లలో దిగాలి. కింద ఉన్నది మెత్తటి నల్లమట్టి, ఎండలో బీటలు తీస్తుంది, వానకు ఉబ్బుతుంది. ఎత్తైన గట్టు పోసి వెంటనే తారు వేస్తే అది తన బరువుకే దిగబడుతుంది. వంతెన స్తంభాలేమో ఇసుకా ఒండ్రూ దాటి లోతుకు దించినవి, అవి కదలవు. అందుకే వంతెన మొదట్లో, రోడ్డు గట్టు వంతెనను తాకే చోట, ప్రతి బండీ ఒక్కసారి ఎగిరిపడుతుంది. వంతెన ఉన్న ఎత్తునే ఉంది, గట్టు ఒక రెండంగుళాలు దిగింది. అక్కడ ఎన్నిసార్లు తారు వేసినా రెండు వానాకాలాలు గడిస్తే మళ్ళీ అదే కుదుపు.

వరద వచ్చినప్పుడు ఈ రోడ్డు విలువ మరోలా బయటపడుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ సమయాల్లో బ్యారేజీ నుంచి వదిలే నీళ్ళు సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో అది 35 లక్షలు దాటింది. మొదటి హెచ్చరికతోనే లంకలకు పోయే కాజ్‌వేలు, అంటే నదిపాయల మీది ఎత్తు తక్కువ దారులు, మునగడం మొదలవుతుంది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగి జనం పడవల్లో దాటడం దాదాపు ప్రతి వానాకాలం పేపర్లో వచ్చే ఫోటోయే. అదే రోజు అక్కడికి కొద్ది దూరంలో చించినాడ వంతెన మీద బస్సులు మామూలుగా తిరుగుతుంటాయి. ఒకే నది, ఒకే వరద. వంతెన ఉన్న ఊరికి అది చూడ్డానికి వెళ్ళే దృశ్యం, కాజ్‌వే ఉన్న ఊరికి పాలూ మందులూ ఆగిపోయే రోజు.

రోడ్డు మీద పోయే బరువు కూడా మారింది. ఒకప్పుడు అంబాజీపేట కొబ్బరి, ధాన్యం బస్తాలు. ఇప్పుడు వాటితో పాటు ఐసు నింపిన చేపల లారీలు, రొయ్యల వ్యాన్లు, చమురు సంస్థల రిగ్గుల సామాను. పాశర్లపూడి దగ్గర 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావిలో ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న తాటిపాక దగ్గరి నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. రెండూ ఈ రోడ్డుకు చేరువ ఊళ్ళే. అలాంటి రోజున అంబులెన్సూ ఫైరింజనూ ఏ వైపు నుంచి ఎంత త్వరగా రాగలవన్నది ఏ వంతెన ఉంది, ఏది లేదు అన్నదాన్ని బట్టే ఉంటుంది. అయినా ఈ రోడ్డులో చాలా భాగం ఇంకా రెండు వరుసలే. చేపల లారీ వెనక స్కూలు ఆటో, దాని వెనక గడ్డిమోపుతో మోపెడ్.

దిగమర్రు తర్వాత 216 నరసాపురం, మొగల్తూరు మీదుగా చెరువుల మధ్య నుంచి సాగుతుంది. ఒకప్పుడు వరిచేలుగా ఉన్నవే చాలావరకు ఇప్పుడు చేపల, రొయ్యల చెరువులు. లోసరి దగ్గర ఉప్పుటేరు. కొల్లేరు నీళ్ళు సముద్రానికి పోయే దారి ఇదే. దాని మీది వంతెన దాటితే కృష్ణా జిల్లా.

నరసాపురం దగ్గర మాత్రం ఒక లోటు మిగిలింది. ఎదురుగా వశిష్ఠ అవతల సఖినేటిపల్లి కనిపిస్తుంది. అంతర్వేది తీర్థానికి ఈ వైపు జనమంతా పోయేది ఆ రేవు నుంచే. అక్కడ వంతెన కావాలన్న మాట ఎన్నికల్లో చాలాసార్లు వినిపించింది. నేటికీ దాటించేది పంటే. బైకులూ, కార్లూ, కొబ్బరికాయల ఆటోలూ దాని మీదే ఎక్కుతాయి. పంటు ఆగిన రోజున పైకి వెళ్ళి చించినాడ దగ్గర దాటి తిరిగి రావాలి. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం పనులూ అంతే. కాకినాడ–కోటిపల్లి పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తీసుకుపోతే 2004లో గానీ మళ్ళీ రైలు రాలేదు. అక్కడి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి వేయాల్సిన లైను రెండు దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. దానికీ అవే మూడు పాయలు అడ్డం: గౌతమి, వైనతేయ, వశిష్ఠ. రోడ్డు మూడూ దాటింది. రైలు ఇంకా దాటాల్సి ఉంది.